ఒంటె వెంట్రుకల తాడు

దలన్‌జద్‌గద్ సంతలో కొన్నాను, రష్యా జీపు.
అమ్మిన గన్‌సుఖ్ తాళంచెవి నా చేతిలో పెట్టి
బండి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆయిల్ దింపితే తారులా జారింది.
స్ప్రింగుల సందుల్లోంచి పిడికెడు గోబీ రాలింది.
సీటు ఇంకా అతని బరువుకే కుంగి ఉంది,
క్లచ్ అతని కాలి మాటే వింటోంది.

మార్చాను. లావు టైర్లు, ఎత్తు షాకులు,
బంపరుకి వించ్,
రెండు గొర్రెలమ్మిన డబ్బుతో దీపాలు.
ఎడమ తలుపుకి మాత్రం గొళ్ళెం లేదు,
ఒంటె వెంట్రుకల తాడుతో ఓ ముడి.
నవ్వుకుని కోసి పారేసి
మెరిసే కొత్తది బిగించాను.

ఫిబ్రవరి చివర, మైనస్ ఇరవై ఎనిమిది.
పశువైద్యురాల్ని కదా,
ఈనలేక అవస్థపడే ఒంటె దగ్గరికి బయల్దేరితే
నడిదారిలో గొళ్ళెం పుటుక్కున విరిగింది.
ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తలుపు,
నలభై కిలోమీటర్లు.

పిల్ల లేచి నిలబడ్డాక
ఆ గుడారపు ముసలావిడ చిమెగ్
ఏమీ అడక్కుండా ఓ తాడు పేని ఇచ్చింది.
ముడి నాకు రాదు.
సిగ్నల్ దొరికే గుట్ట మీదికి బండెక్కించి
గన్‌సుఖ్‌కి ఫోను చేశాను.

అవతల చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.
"ముందు రెండు చుట్లు. ఎడమ చేత్తో" అన్నాడు.
తర్వాత,
"ఇంజను ఓసారి వినిపించు."