లాకు గోడ

ఉద్యోగంలో చేరిన రోజు
నాకు అప్పగించినవి మూడు:
ఇనప హ్యాండిలు, గ్రీజు డబ్బా,
నేలపూడి సువార్తయ్య పేరున్న హాజరు పట్టీ.
ఆ పేరు మీద ఒక్క అడ్డగీత గీసి
కింద నా పేరు రాశాడు గుమస్తా.
ముప్పై మూడేళ్ళు చేసిన మనిషికి
అంత పల్చటి గీత.

నేను ఉండిపోడానికి రాలేదు.
డీఎస్సీ ఫలితాలు వచ్చేదాకా
కాంట్రాక్టు మీద లస్కరుని.
తలుపెత్తడం, దించడం,
కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కని గెడతో తోసెయ్యడం,
మధ్యలో గైడు తెరిచి
పిల్లల మనస్తత్వం బట్టీ పట్టడం.

సువార్తయ్య సంగతి అడిగితే
తలా ఒకటి చెప్పారు.
కల్లు తాగేవాడన్నారు.
ఆదివారం ప్రార్థనకి పాటలయ్యాక వెళ్ళి
చెప్పుల పక్కనే కూచునేవాడన్నారు.
సర్వీసు పుస్తకంలో రెండు సస్పెన్షన్లు,
రెండూ ఎగువ రైతుల పిటిషన్ల మీదే.
"సెంటు భూమి లేదు గానీ
నీళ్ళు వాడి అబ్బ సొమ్మయినట్టు పంచేవాడు"
అని ఒకాయన ఇప్పటికీ పళ్ళు నూరుతాడు.

మే నెలలో కాలవ కట్టేశారు.
అడుగు బయటపడింది:
ఆల్చిప్పలు, ఒంటి చెప్పు, వినాయకుడి చెయ్యి,
బీటలు తీస్తున్న ఒండ్రు.
గోడకి పట్టిన పాచి గీకుదామని దిగాను.
పారతో నాలుగు గీట్లు గీకానో లేదో
రాతి మీద అక్షరాలు.

ఉలితో చెక్కినవి. వంకర టింకర.
ఒక్కోదాని కింద బెత్తెడు గీత.
మోకాలెత్తున "పో". నడుమెత్తున "కా.వెం".
రొమ్మెత్తున, ఎందుకో పూర్తిగా, "ముస్తఫా".
పక్కనే సర్కారు వారి గేజీ,
తెల్ల రంగులో అడుగులూ అంగుళాలూ.
దానికీ దీనికీ పొత్తు కుదరలేదు నాకు, రెండు రోజులు.

మూడోనాడు సైకిలేసుకుని
గట్టు వెంట దిగువకి పోయాను,
బోదెలు లెక్కపెట్టుకుంటూ.
మొదటి బోదె కింద పోలిశెట్టి.
ఆ తరవాత కాండ్రేగుల వెంకన్న.
మైలు దాటాక, తాటిచెట్ల మలుపులో
నారుమడి దున్నుతూ ముస్తఫా.
నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు జలదరించింది కూడా.
నాలుగడుగుల మూడంగుళాలంటే ఈయన!
నీరు ఆ గీత తాకితేనే
ఈ మడికి ఎక్కుతుంది.

అన్నిటికన్నా పైన,
నా తలకి జానెడెత్తున, "వరా" అని ఉంది.
నిచ్చెనేసుకుని చెక్కుంటాడు.
ఆ చేను దొరికేసరికి మధ్యాహ్నం తిరిగింది.
సరుగుడు తోపు అవతల, మురుగు కోడు పక్కన
ముప్పై సెంట్ల చౌడు.
గట్టంచున ఉప్పు పేరుకుని ఉంది.
సముద్రం హోరు దగ్గర్లోనే.
వరాలమ్మ పోయి ఏడేళ్ళట.
కోడలు కొడవలి పక్కన పెట్టి
"ఆలీసమైనా వచ్చేవండీ నీళ్ళు" అంది.
ఎలా వచ్చేవో తెలీదు ఆమెకి.
ఆయన్ని ఒక్కసారే చూసిందట:
సైకిలాపి, మడిలో దిగి,
నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకుని
ఏమీ అనకుండా పోయాడట.

జూన్‌లో నీళ్ళొదిలారు.
అక్షరాలు ఒక్కోటీ మునిగాయి.
రాత్రి పదకొండుకి
"వరా" కింద నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది నీరు.
ఎగువ వాళ్ళు సాయంత్రమే వచ్చి
ఇంక ఎత్తొద్దని చెప్పి వెళ్ళారు,
పైవాళ్ళతో మాట్లాడామని కూడా.

గైడు మూసేశాను.
హ్యాండిలుకి గ్రీజు రాశాను.
టార్చి నోట కరుచుకుని, గోడనే చూస్తూ తిప్పాను.
ఎన్ని చుట్లో లెక్కపెట్టలేదు.

అవతలి గట్టు మీంచి ఎవరో కేకేశారు.
ముసలి గొంతు.
పోయాడని మరిచిపోయాడో, తెలిసే అడిగాడో:
"ఎవరదీ? సువార్తయ్యేనా?"

నోట్లోంచి టార్చి తీశాను.
"ఆయ్" అన్నాను.