పగడాల వీధిలో ప్రూఫులు

జార్జిటౌన్‌లో ఈ వీధికి పగడాల పేరు మిగిలింది,
పగడాలు లేవు.
వాటిని అమ్మిన యూదు వర్తకులూ లేరు.
కుడి నుంచి ఎడమకు రాసిన ఆ చేతులు
అలసిపోయి ఏ గోడకు ఆనాయో ఎవరికీ తెలీదు.
ఇప్పుడిక్కడ పెళ్ళిపత్రికలు, బిల్లు పుస్తకాలు,
మూడో అంతస్తులో నేను,
ఎర్ర రీఫిల్లు పెన్నుతో
వాళ్ళ తాతల ఏడుపును తెలుగులో దిద్దుతూ.

పేజీకి పద్దెనిమిది రూపాయలు.
వత్తు జారినచోట గీత, దీర్ఘం పోయినచోట గీత.
నీ పని అక్షరాలతో, అర్థంతో కాదని
ఓనరు వేదాచలం మొదటిరోజే చెప్పాడు.
కానీ నూట పన్నెండో పేజీలో
ఒకడు ఆకాశం వైపు తిరిగి ఎన్నాళ్ళు అంటాడు.
పక్కన ప్రశ్న గుర్తు లేదు.

మా మామ పేరు హబక్కూకు.
కావలి దగ్గర మిషన్ బడిలో ఏ పంతులమ్మో పెట్టింది.
కార్పొరేషన్ మస్టరులో తమిళ గుమాస్తా
నోరు తిరక్క అప్పాకుట్టి అని రాశాడు.
ఇసకలు దాటి, ఓడలెక్కి, ఎన్ని నోళ్ళు మారో వచ్చిన పేరు
పులియాంతోపులో
నెలకోసారి వేలిముద్ర పక్కన కూలబడింది.
ఎలా పిలిచినా పలికేవాడు.

రాత్రిళ్ళు కాలనీ మెట్లమీద కథ.
ఇటుకలు చేయించిన రాజు,
గడ్డి ఇవ్వకుండా లెక్క అడిగిన మేస్త్రీలు,
చీలిన సముద్రం.
"ఆ మేస్త్రీ మన శానిటరీ ఇన్‌స్పెక్టరేరా" అంటే
మేం పడి పడి నవ్వేవాళ్ళం.
మన సముద్రం ఎప్పుడు చీలుతుంది మామా అంటే
కాసిమేడు వైపు చూసి బీడీ ఆర్పేవాడు.

బిరియానీ కొట్టు రహమతుల్లా భాయ్
అవే కథలు తన పేర్లతో చెప్పేవాడు.
తండ్రి కత్తి ఎత్తింది ఏ కొడుకు మీదన్న దగ్గర
ఇద్దరికీ అర్ధరాత్రిదాకా వాదన,
పొట్టేలు దగ్గర రాజీ.
యూనియన్ మీటింగులో, దేవుణ్ణి నమ్మని ఎర్రచొక్కా ఆయన కూడా
వాగ్దాన భూమి అన్నాడొకసారి,
ఎక్కడిదో తెలియకుండానే.
తెలిసే అన్నాడేమో.

వానల్లో, ఒక మంగళవారం,
మామ మూత తీసి దిగాడు.
పైన తాడు పట్టుకున్నవాడు రెండుసార్లు లాగాడు.

ఆరోజు అమ్మ ఏడ్చిన ఏడుపు
ఏ పుస్తకంలోనూ ఉండదనుకున్నా.
ఇప్పుడు వరసగా దిద్దుతున్నా:
లోతు, బురద, గొంతుదాకా నీళ్ళు,
వినీ విననట్టున్నవాడి మీద నిష్ఠూరం.
అమ్మకు చదువు రాదు.
వాళ్ళకు పులియాంతోపు తెలీదు.
పక్కింటి పొన్నమ్మాళ్ ఒప్పారి అందుకుంటే
భాష మారింది, నిలదీసే తీరు మారలేదు.

ఒక తేడా మాత్రం ఉంది.
పుస్తకంలో ఏడుపులు చివర్లో మలుపు తిరుగుతాయి,
ముక్కు చీది, మొహం తుడుచుకుని స్తుతిలోకొస్తాయి.
అమ్మది రాలేదు.
పాస్టరుగారు మూడుసార్లొచ్చి చాపమీద కూర్చున్నా రాలేదు.
నూటయాభైలోనూ వెతికాను.
ఒక్కటి దొరికింది. చివర చీకటి, అంతే,
అక్కడే ఆగిపోయింది.
అచ్చుతప్పేమోనని రెండు పాత ప్రతులతో పోల్చి చూశా.
కాదు.

ఇంటికెళ్ళి చదివి వినిపించాను.
అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ వింది.
"ఇంకోసారి చదువు" అంది.
కాసేపాగి,
"రాసినాయన ఏం పనిచేసేవాడురా?" అంది.

ఆ లిపిలో ప్రశ్న గుర్తే ఉండదంటాడు వేదాచలం,
పాత అచ్చులో లేనిది నువ్వెవరు పెట్టడానికంటాడు.
నిజమే.
కానీ మామ మూత ఎత్తే కొక్కెం
సరిగ్గా ఆ వంపులోనే ఉండేది.
మార్జిన్‌లో గీశాను, ఎర్రగా.
రెండో ప్రూఫులో అది లేకుండానే వచ్చింది.
మళ్ళీ గీశాను.
మూడోది గురువారం వస్తుంది.