తరుగు

బాదేపల్లి మార్కెట్ యార్డుల
ముప్పై రెండేండ్లు కాంట పట్టిన చెయ్యి ఇది.
బస్తకు కిలో తరుగు.
తేమ అని ఒక కిలో, మట్టి అని ఒక కిలో,
ఏమీ దొరక్కపోతే
సంచి బరువని ఇంకో పావు.
షావుకారు కండ్లతోనే చెప్తుండె,
నా బొటనేలు ఇనుకుంటుండె.

దినానికి నూరు బస్తలనుకుంటే
నెలకు, ఏడాదికి...
ఒకపాలి లెక్క వెయ్యవోయి
పలుపుల కలం వెట్టి పండుకున్న.

గిప్పుడు గదే చెయ్యి
గదే యార్డు మూలకు, పెంకలు జారిన తూకాల గదిల
బువ్వ బ్యాంకు కాంట పడుతున్నది.
నన్నెవరూ పిలువలే.
కొలువు దిగినంక ఇంట్ల కూసుంటే
చెవుల్ల గింజలు రాలుతున్న చప్పుడు.
నేనే వచ్చిన.
జైతూన్‌బీ తాళంచెవి చేతిల వెడుతు
ముందుగాల నా మొకం జూసింది,
తర్వాత నా బొటనేలు.
హమాలీ పెండ్లాం. ఆమెకు అన్నీ ఎరుకే.

పొద్దుగాల ఏడు గాంగనె
ఊడ్చేటోళ్లు వస్తరు.
బండ్ల కింద, బస్తల సందున
రాలిన పల్లికాయ, మక్కలు, జొన్నలు
చాటల్ల చెరిగి, రాళ్లేరి,
సగం వాళ్ల కొంగుకు, సగం మా డ్రమ్ముకు.
కుర్మయ్య కొక్కెం భుజానేసుకొని
దినాం పిడికెడు కందులు ఒంపిపోతడు,
మాట్లాడడు.
ఆటోస్టాండు డబ్బల చిల్లర
శనివారం శనివారం నూనె ప్యాకెట్లయితది.
రాత్రి పదకొండింటికి ఫంక్షన్ హాలు వంటమాస్టర్ ఫోను:
"బగార మిగిలింది, గంటల తీస్కపోకుంటే పులుస్తది."
చెప్పుల్లేకుంటనే ఉరుకుతరు కాలేజి పోరగాండ్లు.
ఒకపాలి పులిసిందే తెచ్చిన్రు.
పారవోసినం.
ఆ రాత్రి వరండల కూసున్నోళ్లకు
ఏం చెప్పాలెనో ఎవ్వరికీ తెల్వలే.

దవఖానల మొగని కాలు తీసేసినంక
పదకొండొద్దులు చాయ మీదనే ఉన్న జమ్లి.
ఇటుకబట్టి నుంచి ఒడిశా పిల్ల,
మన మాట రాదు, వేళ్లు చూపిస్తది: ఐదుగురం.
పుణె నుంచి పని లేక మర్లొచ్చిన మేస్త్రి
సంచి మడతవెట్టి చంకల దాసుకొని
మబ్బులనే వస్తడు.
బుక్కుల రాయనీకె పేరడగలే నేను.
"గళ్ల అంగి" అని రాసుకున్న.

మన్నెమ్మది వేరే కత.
రేషన్ షాపు మిషిన్ మీద
నాలుగు నెలలసంది వేలు పడుతలేదు.
పత్తి ఏరి ఏరి, కంకర కొట్టి కొట్టి
గీతలన్నీ అరిగిపోయినయంట.
"ఉన్న గదయ్యా, గీడనే నిలవడ్డ" అన్నదంట.
మిషిన్ కాదన్నది.

మా గదిల అడుగువెట్టంగనె
అలవాటు తప్పక బొటనేలు చాపింది.
వాన తాకిన సబ్బుబిళ్ల లెక్క నున్నగ.
నా బొటనేలు జూసుకున్న.
ముప్పై రెండేండ్లు పళ్లెం అంచున నొక్కినా
ఒక్క గీత చెరగలే.

"వేలొద్దమ్మ, సంచి వట్టు" అన్న.
ఐదు కిలోలకు ముల్లు నిలవడ్డది.
ఇంకో దోసెడు పోసిన, ఒరిగింది.
ఇంకోటి పోసిన.
"తప్పు తూస్తున్నవు సారు" అన్నది.
నవ్వలే. నిజంగనే బుగులుపడ్డది.
"తరుగమ్మ" అన్న.
"తరుగంటె తీసేది గద?"
యార్డుల ఊడ్చి బతికిన మనిషి.
నా నోట్లె మాట రాలే.

పోతు పోతు గడప కాడ ఆగి
సంచిలకెల్లి పిడికెడు తీసి
డ్రమ్ముల ఏసింది.
ఇంటికో పిడికెడు గదా మా రివాజు.
తనకూ ఇల్లుందని
ఒక్కపాలి చెప్పవొచ్చినట్టు ఏసింది.

నెలాఖరుకు లెక్క కుదరలే.
శరణప్ప సారు అద్దాలు పైకి జరిపి
బుక్కు తిప్పి తిప్పి
"పదకొండు కిలోలు తక్కువొస్తున్నయి" అన్నడు.
"ఎలుకలు" అన్నది జైతూన్‌బీ,
నా దిక్కు చూడకుంట.

కలం తీసి
ఎలుకలు అని రాసిన.