కుర్చీల లెక్క

దేవరకొండ సదస్సుకు
మూడు సంఘాల కుర్చీలొచ్చినయ్,
వీపుల మీద మూడు రంగుల పేర్లతో.

పొద్దంతా షామియానా కింద
పటం పరిచి
ఏ ఊరికి ఎవరు పోవాల్నో గీతలు గీసిండ్రు అయ్యగార్లు.
డిండి కాడ పెన్సిల్ ములికి విరిగింది.

వెనక వరుసల ఎలీశమ్మ లేచింది,
ఫ్లోరైడ్ నీళ్లు వంచిన మోకాళ్లు పట్టుకొని.
"తండాల సాలీబాయి మంచాన పడ్డది.
మొన్న పెంతెకొస్తు పిలగాడు పోయిండు, నిన్న నేను పోయిన.
ప్రార్థన అయినంక ఒక్కటే అడిగింది:
రేపు బిందె ఎవలు తెస్తరు?"

ఎవరూ ఆమేన్ అనలే.
ఎవరో పటం మడిచిండ్రు.

మాపటికి ట్రాలీ ఆటోలెక్కించేటప్పుడు
కుర్చీలు కలిసిపోయినయ్.
"ఏరుదమా?" అన్నడు జక్రయ్య.
"చీకటైంది, పోనియ్."

ఆదివారం మా గుడిల
నీలం అక్షరాలకు ఆనుకొని కూసున్న.
వీపుకేం తేడా తెల్వలే.