ఎడమ రెక్క ఈకలు

మా కార్స్‌లో తొలిమంచు పడ్డాకే పెద్దబాతుల్ని కోస్తారు.
మంచు తిన్న పక్షికే రుచి అంటుంది అమ్మ,
వేడినీళ్లలో ముంచి తీసి, ఒళ్లో బోర్లించుకుని
గుప్పెళ్లతో ఈకలు పీకుతూ.

పదిహేడో ఏట మిద్దె మీద మంచు తోడుతూ జారాను.
కింద కూడా మంచే. మెత్తగానే ఉంది.
మంచు కింద నాగలి ఉంది.
దాని గురించి ఇంతకంటే చెప్పను.

అంకారాలో, ఆసుపత్రి వెనక వీధి జిమ్‌లో
ఫిక్రియే అనే ఆవిడ, ఒకప్పుడు తపాలా గుమాస్తా,
నా ఒళ్లో రాకెట్ పడేసింది.
"సింగిల్స్‌లో నీకు సగం కోర్టే."
సగమా, అని మొహం మాడ్చుకున్నాను.
"ముందు ఆ సగాన్ని కాపాడు, చూద్దాం."

ఆరు వారాలు కాపాడలేకపోయాను.

ఈ ఆటలో చూపంతా పైకే.
నడుము వెనక్కి విరిచి, కుర్చీ వెనకున్న చిన్న చక్రం
నేలని కీచుమనిపించేదాకా వాలి,
దీపాల మధ్య తెల్లటి చుక్కని వెతుక్కోవాలి.
కప్పు మీంచి పడ్డదాన్ని
బతుకంతా కప్పులు చూస్తూ గడిపాను.
లిమాలో తుప్పు మరకలు, దూలం మీద ఒక పావురం.
షెఫీల్డ్‌లో రేకుల మీద వాన,
షటిల్ తగిలిన చప్పుడే వినపడేది కాదు.
దుబాయ్ కప్పు మరీ తెలుపు,
ఆ తెలుపులో ఆరు పాయింట్లు గుడ్డిగా పోగొట్టుకున్నాను.
కంపాలాకి నేను చేరాను, నా కుర్చీ చేరలేదు.
అరువు కుర్చీలో, ఎవరి నడుముకో కొలిచిన పట్టీల్లో ఆడాను,
పరాయి చెప్పులేసుకుని పరుగెత్తినట్టు.
పరుగు నాకు గుర్తున్నంతలో.

చిహారు నుమాటాతో తొమ్మిదిసార్లు ఆడాను, ఏడుసార్లు ఓడాను.
ఆమెకి నా భాష రాదు, నాకు ఆమెది రాదు.
ఆట అయ్యాక అరచేతులు చూపించుకుంటాం,
రైతులు పక్క పొలం చూసినట్టు,
కొత్త కాయ ఎక్కడ కాచిందో, పాతది ఎక్కడ పగిలిందో.

బ్యాంకాక్ సెమీస్. మూడో గేమ్. పంతొమ్మిది సమం.
ఆమె వెనక గీత దగ్గర ఉంది.
నేను నెట్ మీంచి అలా జార్చాను,
దారం మీద ముత్యం దొర్లినట్టు,
దొర్లి, అవతల చచ్చి పడింది.
హాలంతా లేచి చప్పట్లు.
లైన్ జడ్జి రెండు చేతులూ రెక్కల్లా చాచింది.
అవుట్.
నెట్‌కీ ముందు గీతకీ మధ్య నేల మా ఆటలో లెక్కకి రాదు.
అప్పుడు చూశాను:
చప్పట్లు కొట్టినవాళ్లంతా నిలబడగలిగినవాళ్లు.
కుర్చీల వరసలో ఒక్క చెయ్యీ కదల్లేదు.
పదకొండేళ్లుగా ఆడుతున్నదాన్ని, గీత తెలియక కాదు.
అందంగా ఉంటుందని కొట్టాను.
తర్వాతి పాయింటు గురించి చెప్పడానికేం లేదు.

కంచు పతకాన్ని అమ్మ పంటితో కొరికి చూసి పక్కన పెట్టింది.
ఆమెకి కావలసింది నా సంచిలోని విరిగిన షటిళ్లు.
ఒకటి తీసి, కిటికీ వెలుగులో తిప్పి,
పదహారు ఈకల వంపునీ వేలితో నిమిరి
"అన్నీ ఎడమ రెక్కవే" అంది.
నాకు తెలియదు. ఇన్నాళ్లూ కొడుతూనే ఉన్నాను, తెలియదు.
"మరి కుడివాటిని ఏం చేస్తారు?"
"వాటికి వేరే డబ్బా ఉంటుందేమో."
"ఉండాలి," అంది, బేరం తేల్చినట్టు.

పొయ్యి అవతలి నుంచి దాన్ని నా వైపు విసిరింది.
సగం దారిలో, బూడిద పళ్లెం పక్కన పడింది.
"అవుట్," అన్నాను.
"ఎందుకు?"
గీత సంగతి చెప్పాను.
"ఆ గీత గీసినవాడు కుర్చీలో కూర్చున్నాడా?"
జవాబు కోసం ఆగకుండా ఇంకోటి తీసి
ఈసారి బలంగా, మరీ బలంగా విసిరింది.
కప్పుకి తగిలి, పిడికెడు మట్టి రాలి నా ఒళ్లో పడింది.

పైన పార చప్పుడు ఒక్క క్షణం ఆగింది.
మా తమ్ముడు సెర్హాత్ మంచు తోడుతున్నాడు,
నడుముకి తాడు కట్టుకుని.
మా వీధిలో ఇప్పుడందరూ కట్టుకుంటారు.