అతుకు

జూన్‌లో దివ్యసత్ప్రసాదం ఊరేగే ఆదివారం
మా కొండవీధిలో ప్రతి బాల్కనీ
మంచం మీది దుప్పటిని బయటికి తెచ్చి కడ్డీల మీద ఆరేస్తుంది.
ఏడాదంతా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇళ్లు కూడా
ఆ ఒక్క పూట
తమ పక్కల రంగు వీధికి చూపించుకుంటాయి.

మాది దానిమ్మరంగు పట్టు, డమాస్కు నేత.
ఎనభై జూన్‌ల ఎండ తిని
ఇప్పుడు ఉల్లిపొట్టు రంగు.

ఆ దారం నాన్నమ్మ వాళ్లమ్మ తీసినది.
పురుగుగుడ్లను చిన్న మూటగట్టి
రవిక లోపల దాచుకుని పొదిగిందట.
ఆ పదిరోజులూ
దగ్గు వచ్చినా గట్టిగా దగ్గలేదట.
తర్వాత అటక మీద పురుగులు మల్బరీ ఆకు కొరుకుతుంటే
ఇంట్లో పడుకున్నవాళ్లు
వాన పడుతోందని లేచి కిటికీలు వేశారట.

దుప్పటి నడుమ ఒక తెల్లటి అతుకు.
యుద్ధంలో తోటలో పడ్డ పారాచూట్ ముక్క.
ఎందుకు వేశావని అడిగితే
ఎలుక కొట్టిందంది నాన్నమ్మ ఎర్సీలియా.
కొవ్వొత్తి పడిందన్నాడు తాతయ్య.
ఇస్త్రీపెట్టె, అన్నాడు నాన్న,
అప్పటికి ఆయన మూడేళ్లవాడు.

నేపుల్స్ నుంచి కాఫియేరో గారు వచ్చారు.
ముందువైపు చూడనే లేదు,
తిరగేసి, గోటితో పేక లెక్కపెట్టారు.
"ఈ పారాచూట్ విప్పెయ్యండి సిన్యోరా,
చిల్లు మా నేతగాడు పూరిస్తాడు.
రెట్టింపు ఇస్తాను."
రెట్టింపంటే నాకు పైకప్పు.
చలికాలం నుంచి నాలుగు గిన్నెలు పెట్టుకుని నిద్రపోతున్నాను.

రాత్రి బ్లేడు తీసుకుని కూర్చున్నాను.
చీమలబారు లాంటి కుట్టు.
మొదట్లో తొందర తొందరగా,
పోనుపోను దగ్గర దగ్గరగా,
చివర ముడి మీద ముడి, ఏడు ముళ్లు.
చెయ్యి ఆగలేక వేసినవి అవి,
దారం మిగిలి వేసినవి కావు.

అతుకు ఊడి ఒళ్లో పడింది.
కింద ఎలుక లేదు. మంట లేదు.
కత్తెర.
ఎక్కడా తడబడని కత్తెర.
మెడ దగ్గర గుండ్రం,
అటూ ఇటూ రెండు పొట్టి చేతులు,
కిందికి వచ్చేసరికి కొంచెం విచ్చుకున్న అంచు.
జానెన్నర పొడుగు.

అతుకు కప్పిన మడతలో, వేలెడు వెడల్పున,
ఎండ ఎరగని దానిమ్మరంగు
నిన్న మగ్గం దిగినట్టుంది.

జ్ఞానస్నానానికి కత్తిరించిందో
మట్టికి కత్తిరించిందో.
ఉన్న ఒక్క పట్టుగుడ్డనే
ఎందుకు తీసిందో తెలుసు, అంతకుమించి తెలియదు.
మా నాన్న ఒక్కడే బిడ్డ అని
ఊరంతా అనగా విన్నాను.
నాన్నమ్మ అనగా ఎప్పుడూ వినలేదు.

కాఫియేరో గారు ఫోన్ చేశారు.
ఇంకా విప్పలేదని అబద్ధం చెప్పాను.

ఆదివారం పొద్దున్నే దుప్పటి బాల్కనీకి వేశాను, చిల్లుతోనే.
ఎదురింటి అసుంతా
మూడేళ్ల తర్వాత నాతో మాట్లాడింది:
"నీ దుప్పటికి చిల్లు పడింది, చూసుకున్నావా?"
"చూసుకున్నాను."

కింద వీధిలో పూలరేకులు, శృతి తప్పిన బాకా,
గొడుగు కింద ఎండకు తల వంచిన ఫాదర్.
నేను చూడటానికి వెళ్లలేదు.

చిల్లులోంచి ఎండ లోపలికొచ్చి
గచ్చు మీద ఒక చిన్న గౌను పరిచింది.
బాల్కనీ కడ్డీ నీడ ఒకటి
దాని మధ్యలో గుండీల పట్టీలా నిలువుగా.
గాలి తగిలినప్పుడల్లా అంచు కదులుతోంది.

పది గంటలకు గుమ్మం దగ్గర ఉంది.
పదకొండుకి గిన్నెల వరకూ వచ్చింది.
పైకప్పు సంగతి సోమవారం చూసుకోవాలి.
కాళ్లు ముడుచుకుని గోడకు జరిగి కూర్చున్నాను,
దాని దారికి అడ్డం లేకుండా.