చెవి గుర్తు

మా కౌటొకైనో వైపు
నీకు రెయిన్‌డీర్లు ఎన్ని అని ఎవరూ అడగరు.
అడిగితే, పరాయివాడి జేబులో చెయ్యి పెట్టి
చిల్లర లెక్కపెట్టినట్టే.
మరీ గుచ్చితే
చెట్టుకి రెండు వైపులా ఉన్నాయని చెప్పి
మాట మారుస్తాం.

ఓస్లోలో అందరూ అంకెలే అడిగారు.
రవ్‌ద్నాకి ఎన్నేళ్లు. ఆరు.
బరువెంత. పోయిన చలికాలం కంటే మూడు కిలోలు తక్కువ.
రోగం ఎన్నిసార్లు తిరగబెట్టింది.
నూటికి ఎన్ని చెడ్డ కణాలు.
కిటికీ వైపు చూస్తూ జవాబులు చెప్పాను,
దొంగసొత్తు ఒప్పజెప్తున్నదానిలా.

డాక్టర్ తోరున్ కాగితం మీద గుండ్రాలు గీసింది.
ఇవి నీ కూతురి రక్తంలో కాపలా తిరిగే కణాలు,
రోగం ఇంటివాళ్ల మొహం పెట్టుకొస్తే పోల్చుకోలేకపోయాయి.
వీటిని బయటికి తీస్తాం,
ఒక గుర్తు పెడతాం,
మళ్లీ మందలో వదుల్తాం.
మంద అన్నది ఆమేనో,
నా చెవికి అలా వినబడిందో.

మంచం మీంచి రవ్‌ద్నా:
"ఎడమ చెవికా, కుడి చెవికా?"

పోయిన జూలై, చీకటి పడని రాత్రి,
కంచెలో దూడలు (ఎన్నో చెప్పను).
మొదటిసారి తన కత్తి, తన గుర్తు:
ఎడమ చెవి కొసన చీలిక,
కుడి చెవి అంచున రెండు గాట్లు.
దూడ తల విదిలించుకుని
తల్లిని వెతుక్కుంటూ పరిగెత్తింది.
"నొప్పెట్టిందా దానికి?"
కొంచెం, అన్నాను,
నాకేం తెలుసని.

యంత్రం నాలుగు గంటలు తిరిగింది.
ఒక గొట్టంలో పోయిన రక్తం ఇంకో గొట్టంలో వచ్చింది.
మధ్యలో ఒక సంచి అడుగున
గులాబీ కలిసిన మీగడ లాంటిదేదో మిగిలి
విమానమెక్కి వెళ్లిపోయింది.
ఐదు వారాలు.

తిరిగొచ్చింది, తెల్లటి పొగ కక్కే డబ్బాలో.
మా జనవరికి నాలుగింతల చలి అందులో.
గోరువెచ్చటి నీళ్లలో కరిగించారు.
సంచి నా అరచేతిలో సగం లేదు.
"ఇంతేనా?" అన్నాడు ఐలూ.
పది నిమిషాలు. గదంతా ఉడికిన మొక్కజొన్న వాసన.

మూడో రాత్రి జ్వరం నలభై దాటింది.
"పని మొదలెట్టాయి, మంచిదే," అంది నర్సు.
ఆ మంచిని
ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మెదడు తేటగా ఉందో లేదో చూడ్డానికి
రోజూ పొద్దున పేరు రాయించేవాళ్లు.
మొదటి రోజు: రవ్‌ద్నా.
రెండో రోజు: రవ్‌ద్నా, పక్కన కుక్క బొమ్మ.
ఐదో రోజు: రవ్,
ఆ తర్వాత కాగితం దాటి దుప్పటి మీదికి పాకిన గీత.
ఆరో రోజు పెన్సిల్ ఎందుకో తెలియలేదు.
నేనెవరో కూడా.
తొమ్మిదో రోజు
రెండు చెవులు గీసింది.
ఎడమదానికి చీలిక. కుడిదానికి రెండు గాట్లు.
తోరున్ కాగితం అటూ ఇటూ తిప్పింది.
"పేరు రాయలేదే."
రాసింది, అన్నాను.

పక్క గది లీబాన్‌కి తొమ్మిదేళ్లు.
వాళ్లమ్మ హోదాన్ ఫ్లాస్కులోంచి
నాకూ యాలకుల టీ పోసేది.
వాడి కణాలకీ గుర్తు నేర్పారు. అవీ చక్కగా నేర్చుకున్నాయి.
రోగమే, వెతుకుతున్నారని తెలిసినట్టు
ఆ ఆనవాలు విప్పి పారేసింది.
ఫ్లాస్కు మా గదిలో ఉండిపోయింది.
కడిగి బోర్లించాను.
అది ఇంకా మా దగ్గరే ఉంది.

ఇరవై ఎనిమిదో రోజు తోరున్ కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఎముక మజ్జలో ఏమీ కనబడలేదు, అంది.
"ఇప్పటికి" అన్న మాట
చివర్న, కొంచెం మెల్లగా.
ఐలూ బయటికెళ్లి చాలాసేపు రాలేదు.

అమ్మకి ఫోన్ చేశాను.
అంకె అడగలేదు ఆమె.
"చెట్టుకి అటువైపు కూడా చూశారా?"

మూడు నెలలకి మళ్లీ చూస్తారట, అన్నాను.

వెనకాల రవ్‌ద్నా
కత్తికి పదును పెట్టించారో లేదో
అడగమంటోంది.